ఇంకా ఆ మెట్ల మీదే

కళ్లజోళ్ల దుకాణం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. కౌంటరు వెనక అక్క ఒక అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీస్తోంది. పాటలు కట్టి తనే పాడుకునే చెల్లెలు తన కొత్త ఆల్బమ్ మీద సమీక్ష పడ్డ పేపరుతో వచ్చి పది నిమిషాలైంది, ఇంకా కూర్చోలేదు.

"ఆ మిషను ఆపుతావా లేదా?"

"వింటున్నా, చెప్పు."

"ఏం వింటున్నావ్? ఆ గరగరలో నా గొంతు నాకే వినబడట్లేదు."

"ఇప్పుడు ఆపితే అంచు పాడైపోతుందే పిట్టా. నువ్వు చదువు."

"చదివేశానుగా! రెండుసార్లు చదివా!"

"మొదటిసారి మిషను మోతలో కొట్టుకుపోయింది. రెండోసారి సగం చదివి తిట్లందుకున్నావ్. అతనేమన్నాడో నువ్వేమన్నావో కలగాపులగం అయిపోయింది."

"సరే, మళ్లీ చదువుతా. చెవులు ఇటు పెట్టు. 'ఇంకా వర్షమే. ఆల్బమ్ పేరులోనే విమర్శ ఉంది.' ఇదీ మొదటి వాక్యం! ఎంత పొగరో చూడు."

"ఊఁ."

"'మొదటి ఆల్బమ్‌లో ఒక స్త్రీ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని భర్త కోసం ఏడ్చింది. మనమూ ఏడ్చాం. రెండో ఆల్బమ్‌లో ఆమె ఇంటికొచ్చి ఖాళీ కుర్చీ ముందు ఏడ్చింది. మనం తల దించుకున్నాం. ఇది మూడోది. ఆరేళ్లు గడిచాయి. ఆమె ఇంకా ఆ మెట్ల మీదే ఉంది.'"

"ఊఁ."

"ఊఁ ఏంటక్కా? నీకు ఒళ్లు మండట్లేదా?"

"తర్వాత ఏమన్నాడు?"

"'బాణీలు బాగున్నాయి. గొంతు ఇంకా పదునెక్కింది. కానీ ఈ పాటల్లోని మనిషికి ఆకలెయ్యదు, చిరాకు రాదు, నవ్వు రాదు, కనీసం జలుబు కూడా చెయ్యదు. ఈ దుఃఖాన్ని గాయని అనుభవించడం లేదు, పెంచి పోషిస్తోంది.' పెంచి పోషిస్తోందట! నేనేమన్నా కోళ్లఫారం పెట్టుకున్నానా?"

"జలుబు కూడా చెయ్యదన్నాడా?"

"నవ్వుతున్నావా?"

"లేదే. అద్దం పొడి ముక్కులోకి పోయింది."

"మొదటి ఆల్బమప్పుడు ఈయనే కదక్కా నన్ను నెత్తిన పెట్టుకున్నది! 'ఇరవైనాలుగేళ్ల గొంతులో నూరేళ్ల బాధ' అని రాశాడు. ఆ ముక్క కవరు మీద కూడా అచ్చేయించుకున్నా."

"గుర్తుంది. పేపరు పట్టుకుని ఇల్లంతా గెంతావ్. అప్పుడాయన చాలా తెలివైనవాడు."

"అవును, అప్పుడు..."

"ఇప్పుడు పొగరుబోతు."

"వెటకారాలొద్దు. ఈయన ఒక్కడైతే సరిపెట్టుకునేదాన్నే. ఈయన రాసేదాకా అందరూ నోళ్లు మూసుకుని కూర్చున్నారు. పొద్దున ఈయన ఒక రాయి వేశాడో లేదో, నెట్‌లో తలో రాయీ తీసుకున్నారు. ఒకావిడ 'ముసురు పట్టిన పాటలు, ముక్కు తుడుచుకునే గుడ్డ దగ్గర పెట్టుకోండి' అని రాసింది. ఇంకొకడు అయిదుకి రెండు చుక్కలిచ్చాడు. ఆ రెండూ డ్రమ్ములు వాయించినవాడికట! పద్నాలుగు నెలల పని. ఒక్కో పాటా నలభైసార్లు పాడా. స్టూడియోలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, ఫ్యానాపుకుని, చెమటలు కక్కుకుంటూ పాడా. ఆ దుప్పట్లు కూడా నేనే కుట్టా!"

"తెలుసు. ఫోన్లో చెప్పావ్."

"ఫోనెత్తితే కదా చెప్పేది? నువ్వు సాయంత్రాలు అసలు ఎత్తట్లేదు."

"పనుంటుంది. ఇవాళ కూడా ఒంటిగంటకి మూసేయాలి నేను."

"ఎక్కడికి?"

"పనుందన్నాగా. జరుగు, వెలుతురుకి అడ్డం నిలబడ్డావ్."

"అమ్మాయ్, నా జోడు అయిందా?"

"రండి మాస్టారూ. మీదే చేస్తున్నా. రెండు నిమిషాలు, ఫ్రేములో బిగించి ఇచ్చేస్తా."

"తొందరేం లేదు. మీ పోట్లాట మీరు కానివ్వండి. నేను ఈ స్టూలు మీద కూర్చుని చెవులు మూసుకుంటా."

"పోట్లాట కాదండీ. మా చెల్లెలు."

"ఓహో! పాటలు పాడే అమ్మాయా? మా మనవరాలు రోజూ వింటుందమ్మా నీ పాటలు."

"చూశావా అక్కా? మామూలు జనం వింటున్నారు. ఈ పేపర్లవాళ్లకే పట్టదు."

"గది తలుపేసుకుని వింటుంది. నేను బయట నిలబడి, ఎవరు పోయారే, అని కేకేసి అడుగుతుంటా."

"మాస్టారూ!"

"తప్పుగా అనుకోకు తల్లీ. గొంతు బంగారం. ఒక్కటి అడగొచ్చా? చాలా రోజులుగా మనసులో ఉండిపోయింది."

"అడగండి."

"నీ పాటల్లో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది. అందులో ఉన్న ఆ మహాతల్లి ఒక గొడుగు కొనుక్కోవచ్చుగా?"

"అక్కా, ఇప్పుడు కూడా అద్దం పొడేనా?"

"కాదు. ఇది నవ్వే. ఇదిగోండి మాస్టారూ, పెట్టుకోండి. చెవుల వెనక నొక్కుతోందా?"

"ఉహుఁ. హాయిగా ఉంది."

"చిన్నక్షరాలు ఎలా ఉన్నాయో చూసుకోండి. ఇక్కడ చదివేదేదో ఉండాలి..."

"అదిగో, చెల్లెలి చేతిలో పేపరుందిగా. ఒకసారిలా ఇవ్వమ్మా."

"ఇది వద్దండీ, ఇది పాతది—"

"ఇవాళ్టిదేగా, తారీఖు కనబడుతోంది ఇక్కడికే. భలే చేశావమ్మాయ్ అద్దాలు! ఏదీ, కింద సన్నక్షరాలు చూద్దాం. 'ఇది గాయని సొంత జీవితమే అయితే, ఆమెకు నా సానుభూతి. కాకపోతే, ఎవరి జీవితమో ఆ మనిషి ఎదురైతే ఒక్క మాట అడగాలనిపిస్తుంది. అమ్మా, నీకిది ఇష్టమేనా?' ... ఊఁ. కనబడుతున్నాయి. బాగానే కనబడుతున్నాయి. ఇంక నేను వస్తానమ్మాయ్."

"జాగ్రత్తండీ, మొదటి రెండ్రోజులూ మెట్లు దిగేటప్పుడు చూసుకుని దిగండి."

"అలాగే. అమ్మా, పాటలమ్మాయ్, ముసలాణ్ణి, ఏదో వాగాను. గొడుగు మాట మర్చిపో."

మాస్టారు వెళ్లిపోయారు. అక్క ఊరికే తిరుగుతున్న మిషను ఆపేసింది.

"ఈ చివరి ముక్క రెండుసార్లూ చదవలేదే నువ్వు."

"చదవబోతున్నా. ఈలోపు ఆయనొచ్చాడు."

"పిట్టా."

"ఏంటి? చదివితే ఏమవుతుంది? నేను దాచానంటావా?"

"దాచావు."

"సరే దాచా! అందుకే వచ్చా అసలు. ఈ రాసినాయన అడిగాడుగా, ఎవరి జీవితమో ఆ మనిషిని అడగాలని? అడగమను. ఇవాళ నాలుగింటికి రేడియోలో నా ఇంటర్వ్యూ ఉంది. నువ్వొచ్చి పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పు. ఇదంతా జరిగింది, నాకే జరిగింది, నాకిష్టమే అని. అంతే. ఒక్క నిమిషం. వాళ్లందరి నోళ్లూ పడిపోతాయి."

"నేను రాను."

"పూర్తిగా విను ముందు."

"విన్నా. రాను."

"వాళ్లకి చెప్పేశానక్కా, తీసుకొస్తానని!"

"నన్నడక్కుండా చెప్పేశావా?"

"నువ్వు కాదనవనుకున్నా."

"అదే కదే నీ జబ్బు. ఎప్పుడూ కాదననని అనుకుంటావ్. మొదటి ఆల్బమప్పుడు అడిగావా? దుకాణంలో పని చేసుకుంటుంటే ఎదురు కొట్లో రేడియో మోగింది. మా ఆయన చొక్కాకి మూడో గుండీ ఊడిపోయిన సంగతి పాటై వినబడింది. చేతిలో అద్దం కిందపడి ముక్కలైంది. ఆ గుండీ సంగతి నీకెవరు చెప్పారు?"

"నువ్వే."

"అవును. నేనే. నా చెల్లెలికి చెప్పుకున్నా. దేశానికి కాదు."

"అందమైన పాటక్కా అది!"

"అందంగానే ఉంది. అందుకే నోరు మూసుకున్నా. చెల్లెలికి పేరొస్తోంది కదా, పోనీలే అనుకున్నా. కానీ పేరు ఎవరి పేరు మీద వచ్చింది? నీ భర్తే పోయాడనుకుంటున్నారు జనం."

"నేనెప్పుడూ అలా చెప్పలేదు!"

"కాదనీ చెప్పలేదు. ఆ టీవీ అమ్మాయి నీ చెయ్యి పట్టుకుని, మీరు పోగొట్టుకున్న మనిషి గురించి చెప్పండి అంటే ఏం చేశావ్? తల దించుకున్నావ్. కళ్లు తుడుచుకున్నావ్. నేనిక్కడ ఈ కుర్చీలో కూర్చుని చూశా. నీకు పెళ్లే కాలేదు కదే తల్లీ!"

"బావ నేను పోగొట్టుకున్న మనిషి కాదా?"

"ఆ మాట ఎందుకు చెప్పలేదు మరి? చెప్పు. నోరు పెద్దదేగా నీది."

"నాతో ఇలా మాట్లాడకు. బయట వాళ్లందరూ ఏకిపారేస్తున్నారు, నువ్వన్నా నా పక్కనుంటావని వస్తే నువ్వు కూడా వాళ్లతో చేరి..."

"వాళ్లతో చేరలేదు. అతనెవరో నాకు తెలీదు. కానీ అతను రాసింది తప్పని చెప్పలేను."

"ఏంటీ?"

"ఆ మెట్ల మీద నేనెంతసేపు కూర్చున్నానో నీకు గుర్తుందా?"

"సాయంత్రం దాకా."

"అది నీ పాటలో. నేను అరగంట కూర్చున్నా. తర్వాత లేచి లోపలికెళ్లా. అక్కడి గుమాస్తా కాగితంలో ఆయన వయసు ముప్ఫైనాలుగుకి బదులు నలభైమూడని రాశాడు. అది దిద్దించేదాకా వాడితో గొంతు చించుకుని పోట్లాడా. ఏమ్మా, పోయిన మనిషికి వయసెంతైతే ఏం, అన్నాడు. ఆ బల్ల మీదున్న స్టాంపు తీసి వాడి మీదకి విసిరేశా. అది పాటలో ఉందా?"

"లేదు."

"తర్వాత ఆకలేసింది. సిగ్గులేని ఆకలి. ఎదురు కొట్లో నిలబడి రెండు బన్నులు తిన్నా. ఇంకోటి అడిగా. అది ఉందా?"

"బన్నుని పాటలో ఎలా పెడతానక్కా?"

"అదే అతనడుగుతున్నది!"

"పాటంటే అలా కాదు. కొంత వదిలెయ్యాలి, కొంత..."

"నువ్వు వదిలేసిందంతా నేను. ఉంచుకున్నదంతా ఏడుపు. మూడు ఆల్బమ్‌ల నుంచీ నన్ను తడి బట్టలతో ఆ మెట్ల మీద కూర్చోబెట్టి పాడుతున్నావ్. లేవనివ్వవు. జడైనా వేసుకోనివ్వవు. ఈ దుకాణానికి వచ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురికి నేనెవరో తెలుసు. వాళ్లు నాతో ఎలా మాట్లాడతారో తెలుసా? మెల్లగా. రోగితో మాట్లాడినట్టు. మొన్నొకావిడ ఫ్రేము చూస్తూ చూస్తూ నా చెయ్యి నిమిరి, ఎలా ఉన్నావమ్మా, అంది. నాకు జలుబు చేసిందండీ అన్నా. ఏడ్చేసింది ఆవిడ! ఆరోజు ఆ మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నదెవరో నేను చెప్పనా?"

"వద్దు."

"నువ్వు."

"అక్కా, వద్దన్నా కదా."

"పసుపుపచ్చ బట్టలు. ఒక కాలికి చెప్పు లేదు, ఎక్కడ జారిపోయిందో కూడా తెలీలేదు నీకు. వానలో అలాగే కూర్చున్నావ్. నేను బన్ను తెచ్చి తుంచి నోట్లో పెడితే ఉమ్మేశావ్. అటూ ఇటూ పోయేవాళ్లు నిన్ను చూసి, పాపం, భార్య కాబోలు, అనుకున్నారు. ఒకాయన వచ్చి నన్నడిగాడు కూడా, ఆ అమ్మాయి భర్తేనా పోయింది, అని."

"ఆపు."

"నీకు గిటారు కొనిచ్చింది ఆయన. తీగలు బిగించడం నేర్పింది ఆయన. చదువు మానేసి పాటలేంటని అమ్మ చెయ్యెత్తితే మధ్యలో నిలబడ్డది ఆయన. నీ మొదటి పాట విన్నది ఆయన, నేను కాదు. నీకు నాన్న గుర్తు లేడు. నీకు ఆయనే అన్నీ. అది నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే ఇంకేం అడుగుతావ్! ఏం పాడమంటావ్ నన్ను? భార్య ఏడిస్తే అందరూ వింటారు. మరదలు ఏడిస్తే ఎవరు వింటారక్కా? నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. పెద్దమ్మ అననే అంది ఆరోజు. గుర్తుందా? 'దీనికెందుకే ఇంత ఏడుపు' అంది. మూడు మాటలే. ఆ తర్వాత నేను ఇంట్లో ఏడవలేదు. ఒక్కరోజు కూడా ఏడవలేదు. నీ కంచం కడిగా, నీ తల దువ్వా, నీ పక్కన పడుకున్నా. మరి నా ఏడుపు ఎక్కడ పెట్టుకోను?"

"అందుకని నా నెత్తిన పెట్టావు."

"నీకు హక్కుంది కదా, ఏడవడానికి."

"నాకా హక్కు అక్కర్లేదే ఇప్పుడు! నాది నేను ఏడ్చేశా. రెండేళ్లు ఏడ్చా, అయిపోయింది. అయిపోతుంది పిట్టా, ఎవరికైనా. నీది అవ్వట్లేదు. ఎందుకంటే నీదని నువ్వు ఒక్కసారీ అనలేదు. ఆ పేపరతను సగమే కనిపెట్టాడు. ఆ దుఃఖం దొంగది కాదు. మనిషిని మార్చి పాడావు, అంతే."

"ఫోను మోగుతోంది."

"నీదే."

"రేడియో వాళ్లు."

"మాట్లాడు. నా పేరెత్తితే మాత్రం ఆ ఫోను తీసుకెళ్లి ఈ మిషన్లో పెడతా."

"హలో. ఆ, నేనేనండీ. ... లేదు, అక్క రావట్లేదు. ... ఆరోగ్యం బాగానే ఉంది, రానంది. ... నేనొక్కదాన్నే వస్తా. అయితే ముందే ఒకటి చెప్పాలి. నాకు పెళ్లి కాలేదు. ... అవునండీ, కాలేదు. నాకు ఏ భర్తా పోలేదు. పోయింది మా బావ. పాటల్లో ఉన్న మనిషి మా అక్క. ఆవిణ్ణి అడక్కుండా రాసుకున్నా. ... ఆ, అదే చెప్తా, ఇంటర్వ్యూలోనే చెప్తా. ... ఆ విమర్శకుడికి జవాబేం లేదు. ఆయన మీద నాకు కోపం తగ్గలేదు, అది వేరే సంగతి. ... మీకిబ్బందైతే మానుకోండి. నేనైతే ఇంకో కథ చెప్పను."

"ఏమంది?"

"నాలుగున్నరకి మారుస్తానంది. ముందు వాళ్ల పై ఆవిణ్ణి అడగాలట."

"ఊఁ. నీళ్లు తాగు. ఆ సీసాలో ఉన్నాయి. పాపం, ఇప్పుడు నిజంగా ఏకిపారేస్తారు నిన్ను."

"తెలుసు. ఆరేళ్లు అబద్ధమాడిందంటారు. ఆ గొంతులో నూరేళ్ల బాధ అన్న ముక్క వెనక్కి తీసుకుంటాడేమో ఆయన."

"తీసుకోనీ."

"నామీద కోపం పోయిందా?"

"పోలేదు."

"ఎప్పటికి పోతుంది?"

"నువ్వు అడగడం మానేసిన నెలకి."

"సరేలే. రేడియో అయ్యాక ఇంటికొస్తా. రాత్రికి అక్కడే ఉంటా. తిట్టేదేమైనా మిగిలుంటే ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి తిట్టు."

"ఏ కిటికీ?"

"ఏ కిటికీ ఏంటి? మన కిటికీ. నీ ఇంట్లోది. అయిదో పాటంతా దాని మీదేగా, నువ్వక్కడ కూర్చుని వీధి చూస్తుంటావ్ కదా..."

"ఆ కిటికీ దగ్గర ఇప్పుడొక టైలరు మిషను వేసుకుని కూర్చుంటున్నాడు."

"టైలరా? ఏ టైలరు?"

"ఎవరో. ఆ ఇంట్లో కొత్తగా దిగినాయన. నేను ఫిబ్రవరిలో ఖాళీ చేశా."

"ఫిబ్రవరిలోనా? ఫిబ్రవరిలో నేను ఆ పాట రికార్డు చేస్తున్నానక్కా! అప్పటికి నువ్వు ఆ ఇంట్లోనే లేవా? మరి ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడా, ఒక్క మాట చెప్పలేదే?"

"చెప్పలేదు."

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"అమ్మకి తెలిసి నాకు తెలీకుండా... అసలెక్కడుంటున్నావ్ నువ్వు? ఎవరితో ఉంటున్నావ్? అటు కాదు, నా కేసి చూసి చెప్పు. ఎందుకు దాచావ్?"

"పెళ్లి చేసుకున్నానే పిట్టా. అమ్మ వచ్చింది, పెద్దమ్మ వచ్చింది, ఆయన వైపు వాళ్లు నలుగురొచ్చారు. నిన్ను పిలవద్దని ఒట్టేయించుకున్నది నేనే. నువ్వొస్తే ఆరోజు కూడా వాన కురిపిస్తావని."